అమ్మ కంటే పెద్ద పిల్లలు: టీవీ డ్రామాల్లో వయసు

అందరికీ నమస్కారం. ముందు చిన్న లెక్క చూద్దాం. 2016 నుంచి 2022 దాకా అమెరికాలో వచ్చిన ‘దిస్ ఈజ్ అస్’ మీలో కొందరైనా చూసే ఉంటారు. అందులో రెబెక్కా అనే తల్లి పాత్ర వేసిన మ్యాండీ మూర్ 1984లో పుట్టింది. పెద్దయిన ఆమె పిల్లలుగా వేసిన స్టెర్లింగ్ కె. బ్రౌన్ 1976లో, జస్టిన్ హార్ట్‌లీ 1977లో, క్రిస్సీ మెట్జ్ 1980లో పుట్టారు. అంటే ముగ్గురు పిల్లలూ అమ్మ కంటే పెద్దవాళ్లే! కథ వెనక్కీ ముందుకీ నడుస్తుంది కాబట్టి ఒకే నటి కుర్రతల్లిగానూ ముసలితల్లిగానూ కనిపించాలి, మేకప్‌తో వయసు పెంచడం కుదిరినంత తేలిగ్గా తగ్గించడం కుదరదు. ఒప్పుకుంటాను. మరి 1985లో మొదలైన కామెడీ సిరీస్ ‘ది గోల్డెన్ గర్ల్స్’ సంగతేంటి? అక్కడ తల్లి సోఫియాగా వేసిన ఎస్టెల్ గెట్టీ 1923లో పుడితే, కూతురు డొరొతీగా వేసిన బీ ఆర్థర్ పుట్టింది 1922లో. కూతురే ఏడాది పెద్ద. తెల్ల విగ్గు, పెద్ద కళ్లద్దాలు, చేతిలో బుట్టలాంటి బ్యాగు, కాస్త వంగిన నడక, అంతే, ఎవరికీ అనుమానం రాలేదు.

నాకు అర్థమైంది ఇదీ: టీవీ డ్రామా వయసుని వరసతో కొలుస్తుంది. నువ్వు ఎవరి కూతురివి, ఎవరి తల్లివి, ఎవరి అమ్మమ్మవి అన్నదే లెక్క. వరస మారగానే రాత్రికి రాత్రి జుట్టు నెరుస్తుంది, గొంతు వణుకుతుంది. ఒక వరసకీ ఇంకో వరసకీ మధ్య మనిషికి వయసు మీద పడటం ఉంటుందే, నెమ్మదిగా, తనకే తెలియకుండా, అది మాత్రం దాదాపు ఎక్కడా కనపడదు.

సీరియళ్లలో దానికి బదులు ‘కొన్నేళ్ల తర్వాత’ అని ఒక కార్డు పడుతుంది. మన దగ్గర ‘చిన్నారి పెళ్లికూతురు’గా డబ్ అయిన ‘బాలికా వధు’లో ఆనంది పాత్ర అవికా గోర్ నుంచి ప్రత్యూష బెనర్జీకి మారింది ఇలాంటి గెంతులోనే. ఆనంది విషయంలో అది న్యాయమే, చిన్నపిల్ల పెద్దదవ్వాలి కదా. తమాషా ఏంటంటే ఇలాంటి గెంతులు పడ్డప్పుడు సాధారణంగా పిల్లలే ఎదుగుతారు, పెద్దవాళ్లు నిన్న ఎలా ఉన్నారో ఇవాళా అలాగే ఉంటారు. అమెరికా పగటిపూట సీరియళ్లలో ఇది ఎంత ముదిరిందంటే, మొన్నటిదాకా పాకిన పాప కొన్నాళ్లు కనపడకుండా పోయి నేరుగా ప్రేమలో పడే వయసులో తిరిగొస్తుంది, తల్లి ముఖం మీద మాత్రం ఒక్క గీత కూడా కొత్తగా పడదు.

ఇక టీనేజ్. 1990లో ‘బెవర్లీ హిల్స్, 90210’ మొదలయ్యేనాటికి హైస్కూల్ పిల్ల ఆండ్రియాగా వేసిన గాబ్రియెల్ కార్టెరిస్‌కి 29 ఏళ్లు. అందరూ నవ్వుకుంటారు గానీ దీని వెనక నిర్మాత కష్టం ఒకటుంది. చాలా దేశాల్లో మైనర్లు పనిచేసే గంటలకి పరిమితి ఉంటుంది, వాళ్ల చదువుకి టైమ్ ఇవ్వాలి, రాత్రి షూటింగులకి ఆంక్షలుంటాయి. పెద్దవాళ్లయితే ఆ తలనొప్పి లేదు. పైగా పిల్లలు ఎవరి మాటా వినకుండా పెరిగిపోతారు. ‘స్ట్రేంజర్ థింగ్స్’ సిరీస్‌లో, చివరి ముగింపు ఘట్టం పక్కనపెడితే, కథ 1983 నుంచి 1987 దాకా, నాలుగేళ్లు నడిస్తే, మనకి చూపించడానికి 2016 నుంచి 2025 దాకా పట్టింది. ఆ పిల్లల దవడలూ భుజాలూ చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

కాబట్టి నిర్మాతల్ని తిట్టను. కానీ చూసే పదిహేనేళ్ల పిల్ల సంగతి? మొటిమ లేని చర్మం, కుదురైన నడక, తడబడని మాట, ఇదే పదిహేను అనుకుంటే అద్దం ముందు ఆమెకి టెన్షన్ రాదా?

అందుకే 2025లో వచ్చిన ‘అడొలసెన్స్’ సిరీస్ నన్ను కదిపేసింది. హత్య కేసులో పోలీసులు పట్టుకున్న పదమూడేళ్ల జేమీగా వేసిన ఓవెన్ కూపర్‌కి షూటింగప్పుడు 14 ఏళ్లు. మూడో ఎపిసోడ్ చూడండి: ఒక గది, ఎదురుగా మానసిక నిపుణురాలు, కట్ లేకుండా సాగే ఒకే షాట్. పిల్లాడు జోకులేస్తాడు, బతిమాలతాడు, ఉన్నట్టుండి లేచి అరుస్తాడు, ఆమె ఒక్క క్షణం నిజంగా జంకుతుంది. ఆ జంకు మనకీ తగిలేది ఎందుకంటే అవతల ఉన్నది అంత చిన్న శరీరం. పాతికేళ్ల నటుడు ఎంత బాగా చేసినా అది రాదు, వాడు అరిస్తే మామూలుగానే భయమేస్తుంది.

మధ్యవయసు దగ్గరికొస్తే, ముఖ్యంగా ఆడవాళ్ల దగ్గర, అసలు మనుషులే మాయమైపోతారు. నాయిక, ఆ తర్వాత నాయిక తల్లి. మధ్యలో ఏం లేదు. మగవాళ్లకి ఆ ఇబ్బంది తక్కువ, నెరిసిన జుట్టుతో డిటెక్టివ్ అవొచ్చు, డాక్టర్ అవొచ్చు, ప్రేమలో కూడా పడొచ్చు. ‘మేర్ ఆఫ్ ఈస్ట్‌టౌన్’లో కేట్ విన్స్‌లెట్ వేసిన మేర్ డిటెక్టివే, మనవడున్న అమ్మమ్మే... కాదు, నాయనమ్మ, కొడుకు కొడుకు కదా. ఆ సిరీస్ పోస్టర్‌లో తన ముఖం మీద గీతలు చెరిపేశారని విన్స్‌లెట్ దాన్ని రెండుసార్లు వెనక్కి పంపింది. కెమెరా ముందు ఆమె ఎంత నిజంగా ఉన్నా, ప్రచారం చేసేవాళ్ల చెయ్యి అలవాటుగా ఇరేజర్ మీదకే పోయిందన్నమాట.

ముసలితనానికి ఎక్కువగా దక్కేది జబ్బు, లేదా వీలునామా. జబ్బు చూపించడం తప్పు కాదు, ఎవరి వైపు నిలబడి చూపిస్తున్నాం అన్నదే గొడవ. మంచంలో ఉన్నవాళ్లని చూసి ఏడ్చే కుర్రవాళ్ల కథలే అన్నీ. బ్రిటన్‌లో ‘ఎమర్‌డేల్’ సీరియల్ 2016 డిసెంబరులో దీన్ని తిప్పికొట్టింది. డిమెన్షియా, అంటే జ్ఞాపకం చెదిరిపోయే జబ్బు, వచ్చిన ఆష్లీ అనే పాత్ర కళ్లలోంచి ఎపిసోడ్ మొత్తం నడిపారు, అతనికి తెలిసిన ఊరే అంతుబట్టని చోటుగా మారింది. అంతకుముందే, 2008 జనవరిలో, అక్కడిదే ‘ఈస్ట్‌ఎండర్స్’ సీరియల్‌లో 80 ఏళ్ల నటి జూన్ బ్రౌన్ అరగంట ఎపిసోడ్‌ని ఒంటరిగా మోసింది. ఆమె వేసిన డాట్ అనే ఆవిడ, పక్షవాతం వచ్చిన భర్త కోసం టేప్‌లో మాటలు రికార్డ్ చేస్తుంది. ఇంకో పాత్ర లేదు. 1985 నుంచి, మధ్యలో కొన్నేళ్లు తప్పితే, జనం ఆవిడ్ని చూస్తూనే ఉన్నారు కాబట్టి ఆ ముఖానికి ఎవరూ వయసు అతికించాల్సిన పని లేకపోయింది. ఏళ్లు నిజంగానే గడిచాయి. ఇంకో బ్రిటిష్ సీరియల్ ‘కరొనేషన్ స్ట్రీట్’లో 1960 మొదటి ఎపిసోడ్ నుంచీ కెన్ బార్లోగా ఉన్న విలియం రోచ్‌దీ అదే కథ. సీరియల్ అంటే చిన్నచూపు చూసేవాళ్లకి చెబుతున్నా, రెండు గంటల సినిమాకి ఇది చేతకాదు.

మరి ఇలాంటివి ఎందుకు తక్కువ? డబ్బు. అమెరికన్ చానళ్లు దశాబ్దాల పాటు ప్రకటనల్ని 18-49 ఏళ్ల ప్రేక్షకుల లెక్కన అమ్ముకున్నాయి. టీవీ ఎక్కువగా చూసేది అంతకంటే పెద్ద వయసువాళ్లే అయినా వాళ్ల చూపుకి రేటు తక్కువ. నెలవారీ చందాతో నడిచే ఓటీటీకి ఆ తేడా అంతగా పట్టదు, 30 ఏళ్ల మనిషి కట్టినా 75 ఏళ్ల మనిషి కట్టినా అదే చందా. నెట్‌ఫ్లిక్స్‌లో 2015 నుంచి 2022 దాకా ‘గ్రేస్ అండ్ ఫ్రాంకీ’ 94 ఎపిసోడ్లు నడవడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. 1937లో పుట్టిన జేన్ ఫోండా, 1939లో పుట్టిన లిలీ టామ్లిన్, ఇద్దరూ కోరికల గురించీ, కొత్త వ్యాపారం గురించీ, మోకాళ్ల నొప్పుల గురించీ ఒకే గొంతుతో మాట్లాడతారు. నాకు నచ్చింది, కానీ వాళ్లుండేది సముద్రం ఒడ్డున ఖరీదైన ఇంట్లో. డాట్ ఆ వయసులో కూడా లాండ్రీలో పనిచేసేది. చందా డబ్బుతో తీసే సిరీస్‌లో ఆ లాండ్రీ ముసలావిడ ఎప్పుడు నాయిక అవుతుందో నాకు చూడాలనుంది. ఇక మీరు అడగండి.