ల్యాప్‌టాప్‌లో పాట రికార్డింగ్: నల్లగొండ స్టూడియో ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: శ్రోతలకు నమస్కారం. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ల్యాప్‌టాప్‌లో గొంతు, పాట రికార్డు చేసేటప్పుడు వచ్చే ఇబ్బందుల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. సౌండ్ రికార్డింగ్ నిపుణులు మన స్టూడియోలో ఉన్నారు. నమస్కారం సార్.

నిపుణుడు: నమస్కారం అమ్మా. కాల్స్‌కు ముందు ఒక్క మాట. ఏది రికార్డు చేసినా ముందు పది సెకన్లు చేసి ఆపండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. బాగుందనుకుంటేనే అసలు పని మొదలుపెట్టండి. గంటసేపు పాడించి, తర్వాత విని బాధపడేవాళ్లను చాలామందిని చూశాను.

యాంకర్: మొదటి కాల్ దేవరకొండ నుంచి. చెప్పండి.

కాలర్ (దేవరకొండ): నమస్తే సార్. నేను పిల్లలకు పాఠాలు రికార్డు చేద్దామనుకుంటున్నా. ఎర్ర బటన్ నొక్కితే టైమ్ నడుస్తది కానీ గీత సమంగా పోతది, ఎగరదు. మైకు పాడైందా?

నిపుణుడు: అప్పుడే మైకును అనకండి. విండోసా?

కాలర్: విండోస్ పదకొండు.

నిపుణుడు: సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో మైక్రోఫోన్ తెరవండి. పైన మైక్రోఫోన్ యాక్సెస్ ఆన్‌లో ఉండాలి. కింద ‘లెట్ డెస్క్‌టాప్ యాప్స్ యాక్సెస్ యువర్ మైక్రోఫోన్’ అని ఇంకో మీట ఉంటుంది. అది ఆఫ్‌లో ఉంటే సాఫ్ట్‌వేర్‌కు ఏమీ వినపడదు, ఎర్రర్ కూడా రాకపోవచ్చు. అది ఆన్ చేశాక ఆడాసిటీలో ఆడియో సెటప్ నొక్కి, రికార్డింగ్ డివైస్‌లో మీ మైకు పేరే ఎంచుకోండి.

కాలర్: మైకు తర్వాత పెడితే పేరు కనిపిస్తలేదు సార్.

నిపుణుడు: అదే ఆడియో సెటప్‌లో ‘రీస్కాన్ ఆడియో డివైసెస్’ ఉంటుంది, అది నొక్కండి. లేదా సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరవండి. పది సెకన్ల పరీక్ష మరవకండి.

యాంకర్: ధన్యవాదాలు. జడ్చర్ల నుంచి ఒక అమ్మగారు లైన్‌లో ఉన్నారు.

కాలర్ (జడ్చర్ల): నమస్తే సార్. ఎట్ల చెప్పాలో తెలుస్తలేదు. మా అత్తమ్మకు ఎనభై దాటినయి. బతుకమ్మ పాటలు ఆమెకు వచ్చినన్ని మా వాడలో ఎవరికీ రావు. పుస్తకంలో లేనివి కూడా ఉన్నయి, వాళ్ల అమ్మగారింటి నుంచి తెచ్చుకున్నవి. మా పిల్లగాడు హైదరాబాద్‌లో చదువుతున్నడు, ల్యాప్‌టాప్‌లో ఈ సాఫ్ట్‌వేర్ వేసిచ్చి పోయిండు. నేను అత్తమ్మను కూర్చోబెట్టి రెండు సాయంత్రాలు పాడించిన. ఆమె చప్పట్లు కొట్టకుండా పాడలేదు సార్, చప్పట్లు లేకపోతే వరుస మరిచిపోతది. అయితే ఇప్పుడు వింటే...

యాంకర్: అమ్మా, సమస్య ఏమిటో చెప్పండి.

కాలర్: అదే చెప్తున్న. లైను మొదలు మంచిగ వస్తది. చివర ‘ఉయ్యాలో’ అని సాగదీస్తది గదా, అక్కడ గొంతు మాయమైపోతది. ‘ఉయ్యా’ దాకా ఉంటది, ‘లో’ గుసగుస లెక్క పోతది. మళ్లీ తర్వాత లైను గట్టిగ వస్తది. అత్తమ్మ దగ్గర దమ్ము తక్కువైందేమో అనుకున్న, కానీ ఎదురుగ వింటే మంచిగనే పాడుతున్నది.

నిపుణుడు: మీ అత్తమ్మగారి దమ్ముకు ఏం కాలేదమ్మా. ఆ ‘లో’ను మింగేది మీ ల్యాప్‌టాప్. ఈ మైకులను మీటింగుల్లో మాట్లాడటానికి తగ్గట్టు తయారుచేస్తారు. అందుకే లోపల నాయిస్ సప్రెషన్ ఉంటుంది. మాట అంటే ఆగుతూ, మారుతూ వస్తుంది. ఫ్యాను, ఏసీ లాంటివి ఒకే తీరుగా సాగుతాయి. సాగేదాన్ని అది రొద అనుకుని తగ్గిస్తుంది. మీ అత్తమ్మగారు ‘ఉయ్యాలో’ అని ఒకే స్వరం మీద నిలిపితే దాన్ని కూడా ఫ్యాను మోతలాగే చూస్తుంది.

కాలర్: అయ్యో! పాటను ఫ్యాను అనుకుంటదా?

నిపుణుడు: పాట అని దానికి తెలియదమ్మా. ఇంకోటి, చప్పట్లు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆటోమేటిక్ గెయిన్ కూడా ఉంటుంది. గట్టిగా చప్పట్లు పడగానే మొత్తం శబ్దాన్ని తగ్గించి, నెమ్మదిగా మళ్లీ పెంచుతుంది. ఆ మధ్యలో పాడినది సన్నగా వినపడుతుంది. రెండూ కలిశాయి మీ దగ్గర. కాగితం ఉందా? రాసుకోండి.

కాలర్: ఆగండి... ఆ, చెప్పండి సార్.

నిపుణుడు: సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్. అక్కడ ఇన్‌పుట్ కింద మీ మైక్రోఫోన్ మీద నొక్కండి. ‘ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్’ అని ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయండి. అంతటితో వదలకండి. ల్యాప్‌టాప్ కంపెనీవాళ్లు సొంత యాప్ ఒకటి పెడతారు. అందులో నాయిస్ క్యాన్సలేషన్ అనో, ఏఐ నాయిస్ రిడక్షన్ అనో ఉంటే అదీ ఆపండి. చాలామంది ఒకటి ఆపి రెండోది మరిచిపోతారు.

కాలర్: సరే సార్. మరి ఆ రెండు సాయంత్రాలు పాడించింది బాగుచేయొచ్చా? ఈ సాఫ్ట్‌వేర్‌లోనే నాయిస్ రిడక్షన్ ఉందంట కదా, మా పిల్లగాడు చెప్పిండు.

నిపుణుడు: ఉంది. కానీ అది రొదను తీసేస్తుంది, పోయిన గొంతును తేలేదు. ‘లో’ ఇంకా ఎంతో కొంత వినపడుతున్న చోట ఆ ముక్క ఎంచుకుని ఎఫెక్ట్ మెనూలో యాంప్లిఫై పెట్టి కొంచెం పెంచుకోవచ్చు. పూర్తిగా పోయిన చోట చేయగలిగింది లేదు. మళ్లీ పాడించాల్సిందే.

కాలర్: మళ్లీ అంటే... ఆమెకు ఎక్కువసేపు కూర్చోవడం కష్టం సార్. పోనీ, వేరే సాఫ్ట్‌వేర్ పైసలు పెట్టి కొంటే వస్తదా? ఆ ‘లో’ వస్తదా?

నిపుణుడు: రాదమ్మా. ఎంత పెట్టి కొన్నా రాదు. రికార్డు కానిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ రాబట్టలేదు. మీరు బాధపడకండి. పాత రికార్డు కూడా విలువైనదే, చరణాలు, వరుస అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని అస్సలు చెరపకండి. కొత్తగా పాడించేటప్పుడు రోజుకు ఒక పాట చాలు. పొద్దున గొంతు బాగున్నప్పుడు, ఫ్యాను ఆపి, కిటికీ మూసి.

కాలర్: మైకు ఎంత దూరం పెట్టాలె?

నిపుణుడు: ల్యాప్‌టాప్ మైకైతే మూరెడు దూరంలో, ఒక పక్కకు. ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టకండి, బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి పెట్టండి. విడి మైకు ఉంటే నోటికి జానెడు దూరం, కొంచెం పక్కకు. చప్పట్లు మైకు ఎదురుగా పడకుండా చూడండి. పైన మీటర్‌లో అన్నిటికన్నా గట్టి శబ్దం మైనస్ పన్నెండు, మైనస్ ఆరు డెసిబెల్స్ మధ్య ఆడాలి. సున్నాను తాకితే శబ్దం పైభాగం తెగిపోతుంది, దాన్నే క్లిప్పింగ్ అంటాం. పొంగిపోయిన పాలు గిన్నెలోకి రానట్టే అదీ మళ్లీ రాదు. తక్కువ ఉంటే తర్వాత పెంచుకోవచ్చు. చప్పట్లు గట్టిగా ఉంటాయి కాబట్టి లెవెల్ చప్పట్లను చూసి పెట్టండి, గొంతును చూసి కాదు.

కాలర్: సార్, ఇంకొకటి. నేను సేవ్ చేసింది వాట్సాప్‌ల పంపితే మా పిల్లగానికి తెరుచుకోలేదు...

నిపుణుడు: మీరు సేవ్ చేసింది ప్రాజెక్టు. చివర ఏయూపీ త్రీ అని ఉంటుంది, అది ఆడాసిటీలోనే తెరుచుకుంటుంది. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ చేయాలి. దాచుకోవడానికి నాణ్యత తగ్గని వేవ్ ఫైలు, పంపడానికి చిన్నదైన ఎంపీ త్రీ. మోనోలో, అంటే ఒకే ఛానల్‌లో, 44,100 హెర్ట్జ్, 16 బిట్ వేవ్ అయితే నిమిషానికి 5 ఎంబీ పైన వస్తుంది, గంటకు 300 ఎంబీ పైన. అది పెద్ద లెక్క కాదు. ఆ వేవ్‌ను ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మీ అబ్బాయి దగ్గర ఒకటి ఉంచండి. ఎడిటింగ్ అంతా కాపీ మీదే చేయండి. అసలు వేవ్ చెరపొద్దు, మళ్లీ చెప్తున్నా.

కాలర్: సార్, ఆ ఎన్‌హాన్స్‌మెంట్ ఎక్కడ...

యాంకర్: అమ్మా, లైన్‌లో చాలామంది ఉన్నారు...

నిపుణుడు: ఒక్క నిమిషం, చెప్పనివ్వండి. సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్, మైక్రోఫోన్, ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్, ఆఫ్. ఈ రాత్రే పది సెకన్లు, ఒక్క ‘ఉయ్యాలో’ పాడించి వినండి.

యాంకర్: ధన్యవాదాలమ్మా. తర్వాత మిర్యాలగూడ.

కాలర్ (మిర్యాలగూడ): సార్, రికార్డింగ్‌లో ‘జుం’ అని ఒకటే మోత.

నిపుణుడు: ఛార్జర్ పెట్టి చేస్తున్నారా?

కాలర్: అవును సార్.

నిపుణుడు: తీసేసి బ్యాటరీ మీద చేయండి. మోత పోతే అది కరెంటు నుంచి వస్తున్నదే, మన దగ్గర సరఫరా 50 హెర్ట్జ్. మూడు పిన్నుల ఛార్జర్‌ను రెండు పిన్నుల కన్వర్టర్‌తో గుచ్చితే ఎర్త్ అందదు, మోతతో పాటు షాక్ ప్రమాదం కూడా. ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. రికార్డింగ్ తర్వాతి సంగతి, ముందు అది చూపించండి.

యాంకర్: సూర్యాపేట.

కాలర్ (సూర్యాపేట): ఆడాసిటీ అని వెతికి ఒక సైట్‌లో డౌన్‌లోడ్ చేస్తే కార్డు నంబరు అడుగుతోంది సార్.

నిపుణుడు: మూసేయండి తమ్మీ, నంబరు ఇవ్వొద్దు. అది అసలు సైట్ కాదు. ఆడాసిటీ 2000లో బయటికి వచ్చినప్పటి నుంచి ఉచితమే, సోర్స్ కోడ్ కూడా అందరికీ తెరిచి ఉంటుంది. ఆడాసిటీ టీమ్ డాట్ ఆర్గ్ నుంచే దించుకోండి. వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటనల మీద నొక్కకండి. దించినది ఇన్‌స్టాల్ చేసి ఉంటే తీసేసి, వైరస్ స్కాన్ పెట్టండి.

యాంకర్: కోదాడ నుంచి మరో కాల్.

కాలర్ (కోదాడ): చొక్కా కాలర్‌కు పెట్టుకునే మైకు కొన్నాను. ఫోన్‌లో పనిచేస్తుంది, ల్యాప్‌టాప్‌లో పెడితే రావట్లేదు.

నిపుణుడు: పిన్ను మీద నల్ల గీతలు ఎన్ని?

కాలర్: చూస్తున్నా... మూడు.

నిపుణుడు: ల్యాప్‌టాప్‌కు ఒకే రంధ్రమా, రెండా?

కాలర్: పాతది సార్, రెండు. ఒకదాని మీద హెడ్‌ఫోన్ బొమ్మ, ఒకదాని మీద మైకు బొమ్మ.

నిపుణుడు: అదీ సంగతి. మూడు గీతల పిన్ను ఫోన్లకు, ఒకే రంధ్రం ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లకు. మీకు స్ప్లిటర్ కావాలి. ఒక వైపు మూడు గీతల పిన్ను పట్టే రంధ్రం, రెండో వైపు విడివిడిగా రెండు పిన్నులు ఉన్నది అడగండి. లేదంటే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనుక్కోండి, కానీ దాని రంధ్రం మీ పిన్నుకు సరిపోతుందో అక్కడే చూసుకోండి.

యాంకర్: వనపర్తి, త్వరగా చెప్పండి.

కాలర్ (వనపర్తి): బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో పాడితే ఫోన్‌లో మాట్లాడినట్టు వస్తోంది.

నిపుణుడు: బ్లూటూత్‌లో మైకు తెరవగానే అది సాధారణంగా కాల్ పద్ధతిలోకి మారుతుంది, నాణ్యత పడిపోతుంది. వినడానికి వైరు ఇయర్‌ఫోన్స్, పాడటానికి వేరే మైకు వాడండి. బ్లూటూత్‌తో పాట రికార్డు చేయొద్దు.

యాంకర్: జడ్చర్ల అమ్మగారే మళ్లీ లైన్‌లోకి వచ్చారు.

కాలర్ (జడ్చర్ల): సార్, రేడియో వింటూనే ఆ ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆఫ్ చేసిన. అత్తమ్మతోని ఒక లైను పాడించిన. ‘లో’ మొత్తం వచ్చింది సార్! కానీ ఇప్పుడు గొంతు చిన్నగ వస్తున్నది, వెనక సర్రుమని వినపడుతున్నది.

నిపుణుడు: చాలా సంతోషం అమ్మా. ఇప్పుడు వస్తున్నది అసలు శబ్దం. చిన్నగా ఉంటే ఇన్‌పుట్ వాల్యూమ్ కొంచెం పెంచండి, ఆమెను కొంచెం దగ్గరకు కూర్చోబెట్టండి. సర్రుమనేదానికి, పాట మొదలయ్యే ముందు ఎవరూ మాట్లాడకుండా ఐదు సెకన్లు ఊరికే రికార్డు కానివ్వండి. తర్వాత కాపీలో ఆ ఐదు సెకన్లు ఎంచుకుని, ఎఫెక్ట్‌లో నాయిస్ రిడక్షన్ తెరిచి, ‘గెట్ నాయిస్ ప్రొఫైల్’ నొక్కండి. ఆపై పాట మొత్తం ఎంచుకుని మళ్లీ అదే తెరవండి. అక్కడ డెసిబెల్స్ అని ఉన్నచోట మీరు ఆరు పెట్టండి. ఎక్కువ పెడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది, ‘లో’ మళ్లీ దెబ్బతింటుంది. కొంచెం రొద మిగిలినా పర్వాలేదు.

కాలర్: పాత పాటలు కూడా ఉంచుకోవాలె కదా సార్?

నిపుణుడు: ఉంచుకోండి. ఒక్కో ఫైలుకు పాట మొదటి మాట, పాడినవారి పేరు, ఊరు, తేదీ పెట్టండి. ఏ ఊరి నుంచి వచ్చిన పాటో కూడా పాట మొదలయ్యే ముందు ఆమెతోనే చెప్పించి రికార్డు చేయండి. వాళ్ల అమ్మగారింటి ఊరు కూడా.

కాలర్: చెప్పిస్త సార్. సల్లగుండాలె మీరు.

యాంకర్: చివరి కాల్, నారాయణపేట.

కాలర్ (నారాయణపేట): సార్, కోలాటం పాటకు రెండో ట్రాక్ కలుపుతుంటే వెనకబడుతోంది.

నిపుణుడు: వైరు ఇయర్‌ఫోన్సేనా? అయితే ప్రిఫరెన్సెస్‌లో ఆలస్యాన్ని సరిచేసే లేటెన్సీ కాంపెన్సేషన్ చూడండి, మామూలుగా మైనస్ 130 మిల్లీసెకన్లు ఉంటుంది. మొదటి ట్రాక్‌లో ఒక చప్పట్ల దెబ్బ పెట్టుకోండి, దాన్ని వింటూ రెండో ట్రాక్‌లో చప్పట్లు కొట్టి తేడా కొలవండి. వెనకబడితే ఆ తేడాను మైనస్ వైపు...

యాంకర్: సార్, సమయం అయిపోయింది. నారాయణపేట శ్రోత లైన్‌లోనే ఉండండి, మిగతాది సార్ మీకు ఫోన్‌లో చెబుతారు. అందరికీ ధన్యవాదాలు.