హోరులో హల్లు

అందరికీ నమస్కారం. ధ్వనిశాస్త్రం చదువుతున్న మీతో విమానాశ్రయ కంట్రోల్ టవర్ గురించి మాట్లాడటం నాకు చాలా ఇష్టమైన పని.

టవర్ అనగానే ఇంజన్ల హోరే గుర్తొస్తుంది. దాన్ని మందపాటి అద్దాలు చాలావరకు ఆపుతాయి. అసలు చిక్కు రేడియోలో వచ్చే మాటతోనే. ఆ మాట వెనక కాక్‌పిట్ రొద ఉంటుంది. పైగా సుమారు 3,000 హెర్ట్జ్ దాటిన ధ్వనులు రేడియోలో చాలావరకు పోతాయి. 'స', 'ఫ' లాంటి హల్లుల బలమంతా అక్కడే ఉంది. అచ్చులు మిగులుతాయి. అందుకే ఇంగ్లీషులో ఫైవ్, నైన్ కలిసిపోతాయి, రెంటిలోనూ నిలిచేది ఒకే అచ్చు కాబట్టి. పైలట్లు నైన్‌ను 'నైనర్' అనడం ఫ్యాషన్ కాదు.

గట్టిగా అరిస్తే సరిపోదా? సరిపోదు. చప్పుడులో గొంతు దానంతటదే పెరుగుతుందని 1911లో ఎతియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు ప్రచురించాడు. కానీ అరుపులో అచ్చు పెరిగినంతగా హల్లు పెరగదు. టెన్షన్‌లో అరిచే మనిషి మాట మరింత మసకబారుతుంది.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ ద్వీపంలో దట్టమైన పొగమంచు. టవర్‌కు రన్‌వే కనిపించడం లేదు, గ్రౌండ్ రాడార్ లేదు. మిగిలింది మాట ఒక్కటే. "టేకాఫ్ దగ్గర ఉన్నాం" అన్నాడు కేఎల్ఎం అనే డచ్చి సంస్థ విమానం పైలట్. టవర్‌లోని కంట్రోలర్ "ఓకే" అని, కొంచెం ఆగి, "టేకాఫ్‌కు ఆగండి, నేను పిలుస్తాను" అన్నాడు. సరిగ్గా అప్పుడే పాన్ యామ్ అనే అమెరికన్ సంస్థ విమానం, తామింకా రన్‌వే మీదే ఉన్నామని చెప్పింది. ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు ప్రసారాలు ఢీకొంటే కీచుమనే కూత పుడుతుంది. కేఎల్ఎం కాక్‌పిట్‌లో స్పష్టంగా వినిపించింది "ఓకే" మాత్రమే, ఆ తర్వాత ఆ కూత. కేఎల్ఎం విమానం పరుగు ఆపలేదు, రన్‌వే మీదున్న పాన్ యామ్ విమానాన్ని ఢీకొంది. 583 మంది చనిపోయారు. తొందరపాటూ కారణమే, పొగమంచూ కారణమే. కానీ ఆ కొన్ని సెకన్ల కూత గురించి చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

ఆ తర్వాత నియమాలు బిగిశాయి. టేకాఫ్ అనుమతి ఇచ్చేటప్పుడు, దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప 'టేకాఫ్' అనకూడదు. మిగతా చోట్ల 'డిపార్చర్' అనాలి. విన్న అనుమతిని పైలట్ తిరిగి చదివి వినిపించాలి. దాన్నే రీడ్‌బ్యాక్ అంటారు. నా ఉద్దేశంలో ఇందులో బలహీనమైన సగం కంట్రోలర్ వినడం. తాను చెప్పిందే తిరిగి వస్తుందని మనసు ముందే సిద్ధమైపోతే తప్పు కూడా ఒప్పులాగే వినిపిస్తుంది.

మీలో కొందరు రేపు హెడ్‌సెట్లు తయారుచేస్తారు. వాటిని నిశ్శబ్దమైన గదిలో, ఒకే యాసతో పరీక్షించి వదిలేయకండి. ఇంజన్ రొద కలపండి, తెలుగు, తమిళ, పంజాబీ గొంతుల ఇంగ్లీషు వినిపించండి, ఏ హల్లు పోతోందో రాసుకోండి.