పిల్లల ఇయర్ మఫ్స్ రివ్యూ: మా అమ్మాయితో జింకల వేటకు వెళ్ళి వచ్చాక

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఈ ఇయర్ మఫ్స్, అంటే తుపాకీ మోత తగలకుండా చెవుల మీద పెట్టుకునే కప్పులు, కంపెనీ వాళ్ళు ఉచితంగా పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. మోడల్ పేరు, బరువు, బ్యాటరీ వివరాలు కింద డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి. ఆ అంకెలు మీరు ఈపాటికి చూసే ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను. పిల్లల్ని మొదటిసారి జింకల వేటకు తీసుకెళ్తుంటే రైఫిల్ కన్నా ముందు చెవుల సంగతి చూడండి. ఈ వీడియో మొత్తం దాని గురించే.

ఇండియా నుంచి చూస్తున్నవాళ్ళకి ఒక మాట. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, మచ్చల జింక తెలంగాణది. ఇది అమెరికాలో, మేముండే టెక్సస్ సంగతి. ఇక్కడ తెల్లతోక జింకలు లక్షల్లో ఉన్నాయి, వాటిని తినే పెద్ద జంతువులు చాలాచోట్ల లేవు, అందుకే సీజన్ పెట్టి, లైసెన్సు ఇచ్చి వేటకు పంపిస్తారు. అందులో అక్టోబర్ చివర ఒక వారాంతం, మళ్ళీ జనవరిలో కొన్ని రోజులు 16 ఏళ్ళు, అంతకన్నా చిన్నవాళ్ళకే. తుపాకీ పిల్లల చేతిలో, పెద్దవాళ్ళం పక్కన. లైసెన్సు ఉన్న పెద్దవాళ్ళు తోడుంటే పిల్లలకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు లేకపోయినా చట్టం ఒప్పుకుంటుంది. తొమ్మిదేళ్ళు నిండితే సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. మా అమ్మాయి చేత చేయించాను, మీరూ చేయించండి.

సరే, చెవులు. మా అమ్మాయిది .243 రైఫిల్. భుజానికి తన్ను తక్కువని పిల్లలకు ఎక్కువమంది ఇదే ఇస్తారు. తన్ను తక్కువే కానీ మోత తక్కువేం కాదు, 150 డెసిబెల్స్ దాటుతుంది. 140 దాటితే ఒక్క పేలుడుకే వినికిడి శాశ్వతంగా దెబ్బతినొచ్చు. ఇంకో సంగతి, ఆ మోతకి ఒకసారి భయపడ్డ పిల్లలు తర్వాత ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్ళు మూసేసుకుంటారు. అలా కొడితే జింక చావదు, గాయంతో పొదల్లోకి పోతుంది. అది నేను చూడలేను.

ఇంతకుముందు మాకు మామూలు మఫ్స్ ఉండేవి. షూటింగ్ రేంజ్‌లో ఏ ఇబ్బందీ లేదు. బ్లైండ్‌లోనే కష్టం. బ్లైండ్ అంటే మన చేలో మంచెకి నాలుగు గోడలు, చిన్న కిటికీలు పెట్టినట్టుంటుంది. అక్కడ నేను గుసగుసగా ఏం చెప్పినా తనకి వినపడదు. ఒక చెవి మీద నుంచి మఫ్ ఎత్తి "ఏంటి నాన్నా?" అని గట్టిగా అడిగేది. జింకలు పరుగు. అంతకన్నా భయం, మఫ్ ఎత్తి ఉండగా తుపాకీ పేలితే?

ఈ కొత్త మఫ్స్‌లో మైకులున్నాయి. చిన్న శబ్దాన్ని పెంచి వినిపిస్తాయి, పేలుడు వస్తే అణిచేస్తాయి. టెక్సస్‌లోనే లానో అనే ఊరి దగ్గర ఒక తెల్లవారుజామున ఆడజింక ఒకటి మొక్కజొన్న ఫీడర్ (జింకల కోసం గింజలు పోసే డబ్బా) దగ్గరికి వచ్చింది. అడ్డంగా నిలబడింది, తను భుజం వెనక్కి గురి పెట్టింది, తుపాకీ సేఫ్టీ లాక్ తీసేసింది. అప్పుడు దాని వెనకాల గడ్డిలో ఇంకో జింక చెవి కదిలింది. కాలిస్తే గుండు దానికీ తగలొచ్చు. "ఆగు, వెనకాల ఇంకోటి ఉంది" అన్నాను, పెదవి కదిలీ కదలనట్టు. తన వేలు ట్రిగ్గర్ మీద నుంచి పక్కకి జరిగింది. తల తిప్పలేదు, "ఏంటి" అనలేదు. నాకు ఈ మఫ్స్ మీద అభిమానం ఉందంటే ఆ వేలు అలా జరగడం వల్లే. ఆ పూట కాల్చలేదు. సాయంత్రం కాల్చింది, ఒకే గుండు. ఆ కూర సంగతి వేరే వీడియోలో.

మన ఆడపిల్లలకి ఒక జాగ్రత్త. చెవి కమ్మలు తీసేయాలి, లేకపోతే కుషన్ కింద గుచ్చుకుంటాయి, పిల్ల మఫ్ సర్దుతూనే ఉంటుంది. జుట్టు, టోపీ అంచు కుషన్ కింద పడితే సందులోంచి మోత లోపలికి వస్తుంది. జడ మెడ వెనక్కి, కింద వేయండి. కప్పులు కొంచెం లావే, చెంప స్టాక్ (రైఫిల్ వెనక భాగం) మీద ఆనించేటప్పుడు తగులుతున్నాయి. ఇంకాస్త పలచగా చేయాల్సింది.

ఇక నాకు ఒళ్ళు మండిన విషయం. ఆన్ చేస్తే కప్పు మీద నీలం లైటు. నీలం! జింక కంటికి ఎరుపు సరిగ్గా ఆనదు, నీలం మాత్రం మనకన్నా బాగా కనిపిస్తుంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచే కాల్చొచ్చు కాబట్టి మేం అంతకన్నా ముందే చీకట్లో వెళ్ళి కూర్చుంటాం. ఆ చీకట్లో పిల్ల తల పక్కన ఈ దీపం. వేటగాళ్ళ కోసమని పెట్టె మీద జింక బొమ్మ వేసి అమ్మేవాళ్ళకి ఈ మాత్రం తెలియదా? నేను నల్ల టేపు వేశాను. టేపు వేయాల్సిన పని నాకెందుకు? కంపెనీ వాళ్ళు ఈ వీడియో చూస్తుంటే, దయచేసి ఆ లైటు తీసేయండి, లేదా ఎర్రది పెట్టండి. ఆన్ చేసిన నాలుగు గంటల తర్వాత మఫ్స్ వాటంతట అవే ఆఫ్ అవడం కూడా నచ్చలేదు. పిల్ల ఏమీ వినపడక కంగారు పడింది.

అయినా కొనమనే చెప్తాను. లైటు మీద ఎంత కోపమున్నా, ఆ గుసగుస వినిపించింది కాబట్టి. మొదటిసారి బ్లైండ్‌లో పెట్టకండి, ముందు ఇంట్లో పెట్టించండి, తర్వాత రేంజ్‌లో మోత తక్కువుండే చిన్న .22 రైఫిల్‌తో. చెవి లోపల ఫోమ్ ప్లగ్స్ (మెత్తటి బిరడాలు) కూడా పెట్టి మఫ్స్ వాల్యూమ్ పెంచండి, అప్పుడు కూడా మీ మాట వినపడుతుంది. లింక్ కింద ఉంది, దాని మీద నాకు కమిషన్ రాదు.