నాడి మీద చెయ్యి, ఛాతీ మీద చూపు

[దృశ్యం: రాత్రి వేళ ఆసుపత్రి వార్డు. సగం లైట్లు తీసేసి ఉన్నాయి. సెలైన్ చుక్కలు పడుతున్న క్లోజప్.]

గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రులున్న వీధులు రాత్రంతా నిద్రపోవు. మూడేళ్ల కిందట అక్కడే ఒక వార్డులో, మా నాన్న మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఆయనకు కడుపు ఆపరేషన్ అయ్యి రెండో రోజు. బీపీ బాగుంది, జ్వరం లేదు. సాయంత్రం రౌండ్స్‌కి వచ్చిన పెద్ద డాక్టరుగారు కూడా బాగుందనే చెప్పి వెళ్లారు.

రాత్రి రెండింటికి సిస్టర్ వచ్చి నాన్న మణికట్టు పట్టుకున్నారు. నాడి చూస్తున్నారనుకున్నాను. చూడటం అయిపోయినా ఆమె చెయ్యి వదల్లేదు. నిమిషం దాటింది. అప్పుడు గమనించాను, ఆమె చూపు చేతి వాచీకీ నాన్న ఛాతీకీ మధ్య తిరుగుతోంది.

ఆమె లెక్కపెడుతున్నది ఊపిరిని. నిమిషానికి 28 సార్లు తీస్తున్నారు. పెద్దవాళ్లకు మామూలుగా 12 నుంచి 20 దాకా ఉంటుంది. వెంటనే డ్యూటీ డాక్టర్‌ని లేపారు. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ మొదలైందని తేలింది, తెల్లారకముందే మందు ఎక్కింది. తర్వాత నేను అడిగితే ఆమె ఇలా చెప్పారు: "మీ ఊపిరి లెక్కపెడుతున్నాం అని చెబితే చాలండీ, మనిషి ఊపిరి తీసే తీరే మారిపోతుంది. అందుకే నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకునే లెక్కపెడతాం."

[దృశ్యం: వ్యాఖ్యాత కెమెరా ముందు.]

ఆ రాత్రి తర్వాత ఇంటికి వచ్చిన చుట్టాలందరూ ఒకటే మాట. "పాపం, ఎంత ఓపికో ఆ అమ్మాయికి! ఎంత సేవ చేసిందో!" ఓపిక ఉంది, కాదనను. కానీ మా నాన్నను ఆ రాత్రి గట్టెక్కించింది ఆమె చదువు. ఏ అంకె మామూలు, ఏ అంకె ప్రమాదం, బీపీ పడిపోయే ముందే ఊపిరి ఎందుకు పెరుగుతుంది, ఇవన్నీ ఆమెకు తెలుసు. నర్సింగ్ అంటే సేవ అని మాత్రమే చెప్పుకుని ఆ చదువును మనం ఎప్పుడు మర్చిపోయామో చూద్దామని ఈ వీడియో చేస్తున్నాను.

[దృశ్యం: తాళపత్రాల బొమ్మ.]

మన పాత వైద్యంలో మర్చిపోలేదు. చరక సంహిత వైద్యానికి నాలుగు పాదాలు అంటుంది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. మంచానికి నాలుగు కోళ్లలాగా, ఒకటి విరిగినా పడిపోతుంది. పరిచారకుడికి ఉండాల్సిన గుణాలు కూడా నాలుగు చెప్పింది. ఉపచారం ఎలా చేయాలో తెలిసి ఉండటం, చేతిలో నేర్పు, రోగి మీద ప్రేమ, శుభ్రత. ఆ వరస చూడండి. ప్రేమ మూడోది. మొదటిది తెలివిడి.

[దృశ్యం: పాత యుద్ధకాలపు చిత్రాలు, బారులు తీరిన మంచాలు.]

ఇక ఫ్లోరెన్స్ నైటింగేల్. స్కూల్ పుస్తకంలో మనందరం చూసిన బొమ్మ, చేతిలో దీపం పట్టుకున్న తల్లి. 1854 నవంబరులో, క్రిమియా యుద్ధం జరుగుతుండగా, 38 మంది స్త్రీలను వెంటబెట్టుకుని టర్కీలోని స్కుటారీ సైనిక ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ గాయాలతో చచ్చిపోయేవాళ్ల కంటే కలరా, టైఫస్, విరేచనాలతో చచ్చిపోయేవాళ్లే చాలా ఎక్కువ. ఆసుపత్రి కిందే మురుగు కాలువలు పొంగిపొర్లుతున్నాయి. 1855 ఫిబ్రవరిలో అక్కడ మరణాలు నూటికి 42 దాకా వెళ్లాయి.

మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం పంపిన పారిశుధ్య బృందం వచ్చి కాలువలు కడిగించింది, నీళ్లు బాగు చేయించింది, గాలి వచ్చే ఏర్పాటు చేసింది. జూన్ కల్లా ఆ 42 కాస్తా దాదాపు రెండుకి దిగింది. అందుకే ఆ ఘనతంతా దీపానిదే అనడం సరికాదు. నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది ఆ తర్వాత జరిగినదాంతో. ఇంగ్లండ్ తిరిగి వెళ్లాక లెక్కలు ముందేసుకుని కూర్చున్నారు. ఏ నెలలో ఎంతమంది, దేనివల్ల పోయారో రంగుల బొమ్మగా గీశారు. అందులో నీలం రంగు ముక్కలు నివారించగలిగిన రోగాలవల్ల పోయినవాళ్లవి. ఎర్ర ముక్కలు, అంటే గాయాలవి, వాటి పక్కన చిన్నబోతాయి. మంత్రులకూ సైనికాధికారులకూ ఆ బొమ్మ చూపించి వాదించారు. బ్రిటన్ గణాంక సంఘంలో సభ్యురాలైన మొదటి మహిళ ఆవిడే.

1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ పాఠశాల మొదలైంది. మతంతో సంబంధం లేకుండా నర్సింగ్‌ని ఒక వృత్తిగా నేర్పే పద్ధతి అక్కడినుంచే దేశదేశాలకు పాకింది.

మరి మనం "సిస్టర్" అని ఎందుకు పిలుస్తాం? అంతకుముందు చాలా కాలం యూరప్‌లో రోగులను చూసుకున్నది క్రైస్తవ సన్యాసినులు. వాళ్లను సిస్టర్ అనేవాళ్లు. పిలుపు అలాగే ఉండిపోయింది. మగ నర్సులు వచ్చాక మనవాళ్లు వాళ్లను "బ్రదర్" చేసేశారు.

[దృశ్యం: గుంటూరు వీధులు, పాత రాతి కట్టడాలు.]

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 1883లో అన్నా సారా కుగ్లర్ అనే అమెరికన్ లూథరన్ వైద్యురాలు గుంటూరు వచ్చారు. మిషన్ ఆవిడను మొదట వైద్యం పనికి పంపలేదు. కానీ పురుటి నొప్పులతో కబురొస్తే వెళ్లకుండా ఎలా ఉంటారు? ఆ రోజుల్లో పరదా పాటించే ఇళ్లల్లో ఆడవాళ్లు మగ డాక్టరుకు చెయ్యి కూడా చూపించేవాళ్లు కాదు. 1898లో ఆవిడ స్త్రీల కోసం, పిల్లల కోసం ఇక్కడ ఆసుపత్రి తెరిచారు. కుగ్లర్ ఆసుపత్రి అంటే గుంటూరు పెద్దవాళ్లకు ఇప్పటికీ తెలుసు. 1930లో పోయేదాకా ఆవిడ పని ఈ ఊళ్లోనే.

1920లో ఇంకో వైద్యురాలు వచ్చారు. ఆస్ట్రేలియాకు చెందిన మేరీ గ్లౌరీ. సన్యాసినిగా చేరి, గుంటూరు సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రిని పెంచి పెద్దచేశారు. 1943లో దేశంలోని క్యాథలిక్ ఆసుపత్రులన్నిటికీ ఒక సంఘం పెట్టింది కూడా ఆవిడే. అయితే ఒక్క డాక్టరు ఎన్ని మంచాల దగ్గరికి వెళ్లగలరు? అందుకే స్థానిక అమ్మాయిలకు నర్సింగ్, మంత్రసాని పని నేర్పారు.

ఆ అమ్మాయిల పేర్లు చరిత్రలో దొరకవు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. పరాయి మనిషి రక్తం, చీము, మలమూత్రాలు ముట్టుకోవడం మైల అని కులం చెప్పిన కాలం. రాత్రిపూట ఇల్లు వదిలి పనికి వెళ్లే ఆడపిల్లను ఊరంతా అనుమానంగా చూసిన కాలం. మన దేశంలో ఆ పనికి మొదట ముందుకొచ్చినవాళ్లలో చాలామంది క్రైస్తవంలోకి మారిన పేద కుటుంబాల అమ్మాయిలు, భర్త పోయిన ఆడవాళ్లు. ఇళ్లల్లో వద్దన్న పనే వాళ్లకు చదువైంది, జీతమైంది. మన అమ్మమ్మల ప్రాణాలు ఆ చేతుల్లోనే నిలబడ్డాయి.

[దృశ్యం: నర్సింగ్ విద్యార్థినులు తరగతి గదిలో.]

1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. ఈరోజు జీఎన్ఎం (నర్సింగ్, ప్రసూతి పనిలో డిప్లొమా) మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. మన రాష్ట్రంలో ఆ డిగ్రీలిచ్చే ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం విజయవాడలోనే ఉంది.

[దృశ్యం: మళ్లీ సెలైన్ చుక్కలు. పక్కన వాచీ.]

ఆ చదువు ఎలా ఉంటుందో ఒక చిన్న లెక్క చూపిస్తాను. 500 మిల్లీలీటర్ల సెలైన్ 4 గంటల్లో ఎక్కాలని డాక్టరు రాశారు. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్ పెట్టారు. అంటే మొత్తం 10,000 చుక్కలు, 240 నిమిషాలు. నిమిషానికి 42 చుక్కలు. సెలైన్ గొట్టానికి ఉండే చిన్న చక్రం తిప్పుతూ, వాచీ చూస్తూ నర్సు చేసేది ఇదే. గుండె జబ్బున్న పెద్దాయనకు అది 80 అయితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరవచ్చు. ఆ పక్క మంచానికి ఇంకో మందు, ఇంకో లెక్క. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. ఇంజెక్షన్ చేసే ప్రతిసారీ మనిషి సరే, మందు సరే, మోతాదు సరే, ఎక్కించే దారి (కండరమా, నరమా) సరే, టైమ్ సరే అని మనసులో ఐదూ చూసుకోవాలి. 2021 మేలో, విజయవాడ ఎండల్లో, ఒంటికి ప్లాస్టిక్ కిట్ చుట్టుకుని కోవిడ్ వార్డుల్లో ఇవన్నీ చేశారు.

మరి ఒక్క నర్సు ఎంతమందిని చూడగలదు? 2002లో లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులను పరిశీలించింది. ఒక నర్సు మీద ఒక్క రోగి అదనంగా పడినప్పుడల్లా, ఆపరేషన్ అయినవాళ్లు నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది. ఒక్క రోగి పెరిగితేనే! మన వార్డుల్లో రాత్రిపూట ఒక్క సిస్టర్ వెనక ఎన్ని మంచాలుంటాయో, ఈసారి వెళ్లినప్పుడు లెక్కపెట్టండి.

జీతం సంగతి కూడా చెప్పాలి. సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పాటైన నిపుణుల కమిటీ 2016లో, 50 పడకల లోపు ప్రైవేట్ ఆసుపత్రుల్లో కూడా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. అంటే అంతకంటే తక్కువకు పనిచేయించుకుంటున్నారనే కదా. "సేవ" అన్న మాట ఇక్కడే నాకు గుచ్చుకుంటుంది. సేవ చేసే మనిషి జీతం అడిగితే మనకు వింతగా ఉంటుంది. చదువుకున్న మనిషి అడిగితే ఉండదు. నర్సింగ్ చదివిన మన పిల్లల గల్ఫ్, లండన్ వీసాల వెనక ఈ లెక్క కూడా ఉంది.

[దృశ్యం: ఉదయపు వెలుగు. వార్డు కిటికీ.]

ఆ రోజు పొద్దున్న ఎనిమిదింటికి డ్యూటీ మారింది. రాత్రి సిస్టర్ కేస్ షీట్లు చేతికిస్తూ ఒక్కో మంచం దగ్గరా ఆగి చెబుతున్నారు. మా దగ్గరికి వచ్చాక, "ఏడో బెడ్. రాత్రి రెండింటికి ఊపిరి 28. ఇప్పుడు 22. గంటకోసారి చూడండి" అన్నారు. తర్వాత టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుని, తెనాలి బస్సు కోసం గబగబా వెళ్లిపోయారు.

కొత్తగా వచ్చిన సిస్టర్ నాన్న మణికట్టు పట్టుకున్నారు. ఈసారి నేను కూడా ఆయన ఛాతీ వైపే చూశాను.

"నాడి ఎలా ఉందమ్మా?" అడిగారు నాన్న.

"బాగుంది నాన్నగారూ" అంటూ ఆమె కాగితం మీద రెండు అంకెలు రాశారు.