ఎంత మందికి ఒకరు?

శ్రోతలకు నమస్కారం. సర్కారు కొలువుల మాటొస్తే మన దగ్గర రెండు వాదనలు. హనుమకొండ లైబ్రరీలో పొద్దంతా చదివే పిల్లలు పోస్టులు పెంచమంటారు. ఖజానా అంతా జీతాలకే పోతోందని ఇంకొందరంటారు. నేనైతే ముందు ఒకటే అడుగుతాను: ఎంత మందికి ఒకరు?

తెలంగాణ రాష్ట్ర తొలి వేతన సవరణ కమిషన్ 2020లో ఇచ్చిన లెక్కలో మంజూరైన పోస్టులు 4,91,304, పనిచేస్తున్నవాళ్లు 3,00,178. 2011 జనాభా మూడున్నర కోట్లు. ఆ లెక్కన వెయ్యి మందికి తొమ్మిది మంది కూడా లేరు.

ఇది ఊళ్లో ఎట్లా ఉంటుందో ఏఎన్ఎం, అంటే ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసే నర్సమ్మ, పని చూస్తే తెలుస్తుంది. మైదానంలో 5,000 మందికి, ఏజెన్సీలో 3,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలని నియమం. తాడ్వాయి, ఏటూరునాగారం దిక్కు 3,000 మంది అంటే ఒక ఊరు కాదు, అడవిలో ఎక్కడికక్కడ ఉన్న గూడేలు. టీకాల రోజు ఆ ఏఎన్ఎం ఐస్ ప్యాకులు సర్దిన డబ్బా భుజాన వేసుకొని బయల్దేరుతుంది. సీసా మీద చిన్న గుర్తుంటుంది, గుండ్రటి వలయంలో ఒక చదరం. చదరం లేతగా ఉంటేనే మందు పనికొస్తుంది. వేడి తగిలి వలయమంత ముదిరిందా, ఆ సీసా పక్కన పెట్టాల్సిందే. ఆరు వారాల బిడ్డకు ఇవాళ వేస్తే పదో వారం మళ్లీ రావాలి, పద్నాలుగో వారం మళ్లీ రావాలి. నడుమ గర్భిణుల బీపీ చూడాలి, రిజిస్టర్లు రాయాలి. పక్క సెంటర్లో పోస్టు ఖాళీ అయితే దానికీ ఈమే ఇన్‌ఛార్జి. అప్పుడు 3,000 మందికి ఒకరు కాదు, 6,000 మందికి ఒకరు. బోర్డు ఉంటుంది, మనిషి ఉండదు.

జీతాల భారం నిజమే, కాదనను. జనం పెరిగారని ప్రతి ఆఫీసులో కుర్చీలు పెంచమని కూడా అనను. పహాణీ నకలు మీసేవలో వస్తుంది. బిడ్డకు సూది మాత్రం మనిషే వేయాలి. పోస్టులు అక్కడ నింపాలి, ముందు అక్కడ నింపాలి. పైగా 2011 తర్వాత జనగణనే జరగలేదు. మడికొండ, హసన్‌పర్తి వైపు వెలిసిన కొత్త కాలనీల జనం ఆ లెక్కలో లేరు.

అందుకే మీ ఊరి లెక్క మీరే అడగండి. మా ఉపకేంద్రం కింద జనాభా ఎంత, మంజూరైన పోస్టులెన్ని, పనిచేసేదెందరు? తెల్ల కాగితం మీద సమాచార హక్కు దరఖాస్తు రాస్తే చాలు. గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబు పట్టుకొని గ్రామసభకు వెళ్లండి.