ముప్పావు నలిగాక ఆగిపోయే మిక్సీ: ఆర్సెనల్ 24-25 సీజన్ రివ్యూ

నమస్కారం అండీ. చెప్పాల్సింది ముందే చెప్పేస్తాను. నేను వేసుకున్న ఈ ఎర్ర జెర్సీ, ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఆడే ఆర్సెనల్ ఫుట్‌బాల్ జట్టుది, కొన్నది కాదు. జెర్సీలు అమ్మే ఒక ఆన్‌లైన్ షాపు వాళ్ళు మార్చిలో ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఒక వీడియో చేయమన్నారు, అంతే. "ఇప్పుడు కాదండీ, టైటిల్ గెలిచాక చేస్తా, అప్పుడైతే ఎక్కువమంది చూస్తారు" అన్నాను. అప్పటికే లీగ్ పట్టికలో లివర్‌పూల్ మన ఆర్సెనల్‌కి అందనంత దూరంలో ఉంది. అయినా అన్నాను. 2025 జూన్ వచ్చేసింది. పాపం వాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు. ఇంక తప్పించుకోలేక కూర్చున్నాను.

జెర్సీ సంగతి గబగబా ముగించేద్దాం. గుడ్డ బాగుంది. మే నెల ఎండలో రోజంతా వేసుకుని తిరిగాను, చెమటకి ఒంటికి అతుక్కోలేదు. ఛాతీ మీద ఈసారి పూర్తి బ్యాడ్జి లేదు, ఒట్టి ఫిరంగి బొమ్మే. నాకు అదే నచ్చింది. ఎల్ సైజు అన్నారు కానీ మన ఒళ్ళకి అది ఎమ్మే, ఒక సైజు పెద్దది తీసుకోండి. అందరూ సాకా పేరు వేయించుకుని 7 నంబరు అడుగుతారు. నేను 6 వేయించుకున్నాను, డిఫెండర్ గాబ్రియెల్‌ది. ఎందుకో తర్వాత చెబుతాను. ఇదిగో, వెనక్కి తిరుగుతాను చూడండి. వాషింగ్ మెషీన్‌లో కూడా వేయలేదు, చేత్తో రెండంటే రెండుసార్లు ఉతికితే ఆరు కింద గుండ్రం దగ్గర ఇలా పగిలింది. గోరు తగిలిస్తే ఉల్లిపొట్టులా లేచి వస్తోంది. ఏప్రిల్ 1న ఫుల్హామ్ మ్యాచ్‌లో గాబ్రియెల్ తొడ కండరం పట్టుకుని కూర్చుండిపోయాడు, సీజన్ అయిపోయింది అతనికి. ఈ నంబరు పగిలింది కూడా సరిగ్గా ఆ వారమే. నేను మూఢనమ్మకాల మనిషిని కాను. కానీ ఇప్పుడు ఉతకడం మానేశాను.

సరే, జెర్సీ అయిపోయింది. అసలు సరుకులోకి వెళ్దాం.

పాయింట్ల పట్టిక మీరందరూ చూసే ఉంటారు. లివర్‌పూల్ 84, ఆర్సెనల్ 74. వరసగా మూడో ఏడు రెండో స్థానం. ఫోన్ల భాషలో చెప్పాలంటే ఇది మూడో మోడల్. మొదటిది 22-23. 248 రోజులు పట్టికలో పైన కూర్చుని, ఏప్రిల్‌లో లివర్‌పూల్, వెస్ట్ హామ్ మీద రెండేసి గోల్స్ ఆధిక్యం పోగొట్టుకుని, చివరికి 84 పాయింట్లతో దిగిపోయిన మోడల్. డిఫెండర్ సలీబా వెన్ను నొప్పితో ఆగిపోవడం, వెనక ఇల్లు కూలిపోవడం. అది కుర్ర జట్టు, మన్నించాం.

రెండోది 23-24. నా లెక్కలో అదే బెస్ట్. కొత్త సంవత్సరం తర్వాత 18 మ్యాచ్‌లు ఆడితే 16 గెలుపులు, ఒక డ్రా, ఒక్కటే ఓటమి. ఆ ఒక్కటీ ఏప్రిల్ 14న ఆస్టన్ విల్లా చేతిలో, సొంత మైదానంలో. మొత్తం 89 పాయింట్లు. మాంచెస్టర్ సిటీకి 91. చివరి రోజు దాకా తేలలేదు. దానికి ముందు మ్యాచ్‌లో సిటీ మీద మన బద్ధశత్రువు టాటెన్‌హామ్ గెలవాలని జీవితంలో మొదటిసారి దండం పెట్టుకున్నాను, వాళ్ళ సన్ ఒంటరిగా గోల్‌కీపర్ ముందుకు వెళ్ళి కూడా కొట్టలేకపోయాడు. ఆ మోడల్ మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. ఏడిపించింది కానీ మోసం చేయలేదు.

మూడోదే ఈ 24-25. దీంతోనే నాకు గొడవ.

అంతకంటే ముందు దీన్లో నాకు బాగా ఇష్టమైన ఫీచర్ గురించి చెప్పనివ్వండి, లేకపోతే ఇంత కోపంలో మంచి మాట ఒక్కటీ రాదు. కార్నర్ కిక్. అవును, కార్నర్ కిక్కే. అవతలి జట్టువాడికి తగిలి బంతి వాళ్ళ గోల్ గీత దాటి బయటికి పోతే మైదానం మూల జెండా దగ్గర నుంచి కొట్టేది. మామూలుగా ఫుట్‌బాల్ చూసేవాళ్ళు కార్నర్ రాగానే మంచినీళ్ళకి లేస్తారు. మా ఇంట్లో కార్నర్ వస్తే నేను సోఫా అంచుకి జరుగుతాను. నికొలా జోవర్ అని ఒకాయన ఉన్నాడు, ఫ్రాన్స్ మనిషి, 2021లో సిటీ నుంచి వచ్చాడు. ఆయన పనల్లా కార్నర్లు, ఫ్రీకిక్‌లే. బంతి జెండా దగ్గర పెట్టగానే మేనేజర్ ఆర్టెటా వెనక్కి తగ్గుతాడు, ఈయన ముందుకొచ్చి గీత దగ్గర నిలబడతాడు. స్టేడియం దగ్గర గోడ మీద ఈయన బొమ్మ కూడా వేశారు. కార్నర్లు నేర్పే కోచ్‌కి గోడ మీద బొమ్మ! మనూళ్ళో హీరోలకి కట్టే కటౌట్ లాంటిదనుకోండి.

ఎలా ఉంటుందో చూడండి. సాకా గానీ రైస్ గానీ బంతి పెట్టి చేతులు పైకెత్తుతాడు. మన జట్టులో పొడుగాటివాళ్ళంతా అవతలి కొసన, దూరంగా, గుంపుగా నిలబడతారు. బస్టాపులో బస్సు కోసం చూస్తున్నట్టే ఉంటుంది. ఒకడు మాత్రం గోల్‌కీపర్‌కి అడ్డంగా, అమాయకంగా, "నేనేం చేశాను సార్" అన్న మొహంతో నుంచుంటాడు. కాలు బంతికి తగిలే క్షణానికి గుంపంతా ఒక్కసారి గోల్ వైపు విరుచుకుపడుతుంది. ఆ తోపులాట వెనక నుంచి గాబ్రియెల్ ఆలస్యంగా, పరుగు మీద వచ్చి ఎగురుతాడు. సెప్టెంబర్ 15న టాటెన్‌హామ్ మైదానంలో అదే జరిగింది. రైస్‌కి నిషేధం, ఒడెగార్డ్‌కి గాయం, మధ్యలో ఆడేవాడే లేడు. సాకా కార్నర్, గాబ్రియెల్ తల, 1-0, ఇంటికి. డిసెంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మీద 2-0, రెండూ కార్నర్లే. అంతకుముందు ఏడాదైతే కార్నర్ల నుంచే లీగ్‌లో 16 గోల్స్. అందుకే ఈ ఆరు నంబరు. "ఇది ఫుట్‌బాలా, తోపులాటా" అని వేరే జట్ల వాళ్ళు ఏడుస్తారు. ఏడవనివ్వండి. గోల్ గోలే.

ఇప్పుడు గొడవ.

మా ఇంట్లో ఇదివరకు ఒక మిక్సీ ఉండేది. కంపెనీ పేరు చెప్పను. ఆన్ చేయగానే సింహం లాగా గర్జించేది. కొబ్బరి ముక్కలు, శనగపప్పు, పచ్చిమిర్చి వేస్తే ముప్పావు వంతు చక్కగా నలిపేది. సరిగ్గా ఇంకో రెండు తిప్పులు తిప్పితే చట్నీ అయిపోతుందనగా టక్కున ఆగిపోయేది. అడుగున ఎర్ర బటన్ ఉంటుంది కదా, దాన్ని తిరగేసి నొక్కాలి, చల్లారేదాకా పావుగంట ఆగాలి. ఈలోపు ఇడ్లీలు చల్లారిపోయేవి. మా అమ్మ ఆ మిక్సీని తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పలేను.

ఈ ఏడాది ఆర్సెనల్ ఆ మిక్సీయే.

"రెడ్ కార్డులు పడ్డాయి, సాకాకి గాయం, జీసస్‌కి మోకాలు, హావెర్ట్స్‌కి తొడ, స్ట్రైకర్ లేడు" అని అందరూ అంటారు. నిజమే, కాదనను. ఫిబ్రవరిలో మిడ్‌ఫీల్డర్ మెరీనోని ముందు నిలబెట్టి ఆడించాల్సి వచ్చింది, పాపం అతను లెస్టర్‌లో రెండు కొట్టి పరువు నిలబెట్టాడు కూడా. కానీ నేను ఒక రాత్రి నోట్‌బుక్ తీసి కూర్చున్నాను. 38 మ్యాచ్‌ల్లో 14 డ్రాలు. అందులో మనం ముందు ఆధిక్యంలో ఉండి పోగొట్టుకున్నవి ఎన్నో చూద్దామని. బ్రైటన్‌తో ఇక్కడా అక్కడా, సిటీ, ఇంట్లో లివర్‌పూల్, చెల్సీ, విల్లా, ఏప్రిల్‌లో ఎవర్టన్, బ్రెంట్‌ఫోర్డ్, క్రిస్టల్ ప్యాలెస్. తొమ్మిది. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటే, అంటే ఒక్కోదానికి రెండు పోయినట్టు. తొమ్మిది రెళ్ళు 18. మే 3న ఇంట్లో బోర్న్‌మౌత్ మీద రైస్ గోల్‌తో ముందుండి 1-2తో ఓడాం, ఆ మూడూ కలిపితే 21. ఇరవై ఒక్క పాయింట్లు! 74కి 21 కలపండి. 95. లివర్‌పూల్‌కి 84. అన్నీ గెలవక్కర్లేదు, సగం నిలబెట్టుకున్నా ఆఖరి రోజు దాకా రేసు ఉండేది. స్ట్రైకర్ లేక గోల్ పడకపోతే అది వేరే బాధ. గోల్ పడ్డాక పోగొట్టుకున్న లెక్క ఇది.

సిటీ మ్యాచ్‌ని వదిలేస్తాను. పదిమందితో రెండో సగమంతా కోట కాపలా కాశారు, 98వ నిమిషంలో స్టోన్స్ కొట్టాడు. దానికి ఏమంటాం. కానీ జనవరి 18న విల్లా? పండక్కి ఊరెళ్ళి ఉన్నాను. రాత్రి 11కి మ్యాచ్. అరిసెల డబ్బా ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాను. 55వ నిమిషానికి 2-0. నిశ్చింతగా ఇంకో అరిసె తీశాను. 60లో టీలెమాన్స్, 68లో వాట్కిన్స్. చేతిలో అరిసె చేతిలోనే ఉంది. ఎనిమిది నిమిషాలు!

అన్నిటికంటే ప్యాలెస్ మ్యాచ్ నన్ను ఎక్కువ కాల్చింది. ఏప్రిల్ 23, మనకి తెల్లవారితే 24, అర్ధరాత్రి పన్నెండున్నరకి. ఇంట్లో అందరూ పడుకున్నారు, హాల్లో లైటు తీసేసి ఫోన్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తున్నాను. మా బాబాయి కొడుకు డాలస్‌లో ఉంటాడు, లివర్‌పూల్ మనిషి. వాడికి అప్పుడు మధ్యాహ్నం, ఆఫీసులో పని నటిస్తూ చూస్తున్నాడు. నేను చూసే యాప్ అసలు మ్యాచ్ కంటే అర నిమిషం వెనక నడుస్తుంది. 83వ నిమిషం. మనం 2-1 ముందున్నాం. నా స్క్రీన్ మీద బంతి సలీబా కాళ్ళ దగ్గర ఉంది, చుట్టూ ఏ ప్రమాదమూ లేదు. అప్పుడు పైనుంచి వాడి మెసేజ్ జారింది. "అయ్యో అన్నయ్యా." అంతే, రెండు మాటలు. ఆ తర్వాతి అర నిమిషం నాకు జరగబోయేది తెలిసి చూశాను. సలీబా పాస్ ఇచ్చాడు, అది తప్పిపోయింది, మతేటా తలెత్తి చూశాడు, గోల్‌కీపర్ రాయా ముందుకొచ్చి ఉన్నాడు, బంతి అతని నెత్తి మీదుగా నెమ్మదిగా, మెల్లగా... 2-2. అరవడానికి లేదు, అమ్మ లేస్తుంది. దిండు కొరికాను. ఆ నాలుగు రోజులకి, 27న, లివర్‌పూల్ టాటెన్‌హామ్‌ని 5-1తో కొట్టి కప్పు ఖాయం చేసుకుంది. వాడు ఫోన్ చేశాడు, నేను ఎత్తలేదు.

బోర్న్‌మౌత్ మ్యాచ్‌లో మనకి పడ్డ రెండు గోల్స్ ఎలా పడ్డాయో గుర్తుందా? ఒకటి లాంగ్ త్రో నుంచి తల, ఇంకోటి కార్నర్. మన విద్య మన మీదే! జోవర్ గారు ఆ రాత్రి అన్నం తిన్నారో లేదో.

నాకు ఆర్సెనల్ పిచ్చి 2004లో పట్టింది. ఎనిమిదో తరగతి. 38 మ్యాచ్‌లు, 26 గెలుపులు, 12 డ్రాలు, ఓటమి లేదు. ఆన్రీ పరిగెడుతుంటే మా నాన్న కూడా పేపర్ దించి చూసేవాడు. ఆ జట్టుకి కూడా 12 డ్రాలు ఉన్నాయి, చూశారా? డ్రా పాపం కాదు. కానీ వాళ్ళు ముందుకెళ్ళాక అవతలివాడికి ఊపిరి ఆడనిచ్చేవాళ్ళు కాదు. వీళ్ళు ఒక గోల్ పడగానే గడియారం వైపు చూస్తారు. అప్పటినుంచి 21 ఏళ్ళు, మళ్ళీ లీగ్ టైటిల్ లేదు. మధ్యలో మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది, 2022లో గోవాలోని ఫటోర్డాలో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపితే ఐఎస్ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్ కప్పు ఎత్తేసింది. మూడేళ్ళు! తర్వాత ఆ క్లబ్బుకి పట్టిన గతి వేరే కథ, అది మాట్లాడితే ఈ వీడియో అవ్వదు.

ప్లస్ పాయింట్లు చెప్పలేదని అనకండి. ఫిబ్రవరిలో సిటీ మీద 5-1, రియల్ మాడ్రిడ్ మీద రైస్ కొట్టిన ఆ రెండు ఫ్రీకిక్‌లు, లూయిస్-స్కెలీ, న్వానేరీ లాంటి పిల్లలు. ఇవన్నీ ఉన్నాయి. బాక్సు తెరిచిన రోజు ఏ మిక్సీ అయినా బాగానే ఉంటుంది.

రేటింగ్. 23-24 మోడల్‌కి నేను అయిదుకి నాలుగున్నర ఇస్తాను. దీనికి రెండు. ఆ రెండూ కార్నర్లకే. ఎవరైనా మీకు ఆర్సెనల్ అభిమాని అవ్వమని సలహా ఇస్తే, ముందు బీపీ చూపించుకోండి. నేనా? నేను మారను, ఇప్పుడు ఏ మొహంతో మారతాను, మా బాబాయి కొడుకు ఊరుకుంటాడా? కొత్త స్పోర్టింగ్ డైరెక్టర్ బెర్టా వచ్చాడు, ఈ వేసవిలో స్ట్రైకర్‌ని కొంటాడంటున్నారు. కొన్న రోజున ఇంకో వీడియో చేస్తాను, అతని మెడికల్ పరీక్ష అయ్యాకే, ముందు చేయను.

జెర్సీ షాపు వాళ్ళకి ఒక్క మాట. జెర్సీ బాగుంది, మూడున్నర ఇస్తున్నాను. కొత్త సీజన్‌ది పంపితే వేసుకుంటాను, వెనక ఏ నంబరు కావాలో ఆ స్ట్రైకర్ వచ్చాక ఫోన్ చేసి చెబుతాను. ప్రింటింగ్ వేసేవాణ్ణి మాత్రం మార్చండి.