లైను చివరి ఇంటి కరెంటు

శ్రోతలందరికీ నమస్కారం.

యాసంగి నాట్లు మొదలయ్యాయంటే పరకాల, నర్సంపేట, హుజూరాబాద్ వైపు ఊళ్లలో బోరు మోటర్లన్నీ దాదాపు ఒకేసారి నడుస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న రైతు మోటరు నీళ్లు బాగానే పోస్తుంది. లైను చివరి రైతుకు మాత్రం వోల్టేజీ పడిపోయి మోటరు మూలుగుతుంది, వేడెక్కుతుంది, చివరికి కాలిపోతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే మోటరు తిరిగే బలం దాదాపు అయిదో వంతు తగ్గుతుంది మరి. వైండింగు ఖర్చు రైతే పెట్టుకుంటాడు. కాగితం మీద మాత్రం ఆ రోజు కరెంటు పోనట్టే లెక్క!

ఆ లెక్క గురించే ఈరోజు మాట్లాడదలిచాను.

సరఫరా ఎంత నమ్మకంగా ఉందో చెప్పడానికి చాలా దేశాలు రెండు కొలతలు వాడతాయి. ఏడాదిలో సగటున ఒక్కో వినియోగదారుడికి కరెంటు ఎన్నిసార్లు పోయిందో చెప్పేది సైఫీ, మొత్తం ఎన్ని నిమిషాలు పోయిందో చెప్పేది సైడీ. మన దగ్గర ఈ లెక్క ఎక్కువగా 11 కేవీ ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్లకు వెళ్లే లైను, దగ్గరే తీస్తారు. ఫీడరు నడుస్తుండగా కింద ట్రాన్స్‌ఫార్మర్ కాలినా, ఫ్యూజు కొట్టేసినా అందులోకి రాదు. లో వోల్టేజీ సంగతి ఇక చెప్పనక్కర్లేదు. కాలువ తూము దగ్గర నీళ్లు కొలిచి చివరి ఆయకట్టు తడిసిందని రాసుకోవడం లాంటిదిది.

ఇటలీ 2000లో కరెంటు ఎంతసేపు పోవచ్చన్నదానికి లక్ష్యాలు పెట్టింది. నగరాలకు, పల్లెలకు వేరువేరు లక్ష్యాలు. అంతకంటే బాగా చేసిన కంపెనీకి బహుమతి, వెనకబడిన కంపెనీకి జరిమానా. అంతరాయం కొన్నేళ్లలోనే సగానికి పైగా తగ్గింది. నార్వే 2001 నుంచి, కరెంటు పోవడం వల్ల జనానికి జరిగిన నష్టాన్ని లెక్కగట్టి కంపెనీకి అనుమతించే ఆదాయంలో కోత పెడుతోంది. స్వీడన్‌లో 2005 జనవరిలో పెద్ద తుఫాను వచ్చి అడవుల్లోని లైన్లు కూలాయి, కొన్ని ఊళ్లు వారాల తరబడి చీకట్లో ఉన్నాయి. ఆ తర్వాత 12 గంటలు దాటిన ప్రతి అంతరాయానికీ వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలని చట్టం చేశారు. కంపెనీలు లైన్లను భూమిలోకి దించాయి. బ్రిటన్ అయితే పదేపదే కరెంటు పోయే మారుమూల ఇళ్లను విడిగా గుర్తించి, వాటి కోసం ప్రత్యేకంగా నిధులు కేటాయిస్తోంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఎందుకంటే సగటు బాగున్నంత మాత్రాన ఆ ఇళ్లకు వెలుగు రాదు.

మనకూ చట్టం ఉంది. 2003 విద్యుత్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం విద్యుత్ నియంత్రణ మండలి సేవా ప్రమాణాలు నిర్ణయిస్తుంది, వాటిని తప్పిన డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, పరిహారం ఇవ్వాలి. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టణంలో 24 గంటల్లో, పల్లెలో 48 గంటల్లో మార్చాలి. ఇళ్లకిచ్చే వోల్టేజీ 6 శాతానికి మించి అటూ ఇటూ కాకూడదు. రిమోట్‌గా కనిపెట్టగలిగిన లోపాలకు ఎవరూ అడగకుండానే పరిహారం జమ కావాలని 2020 వినియోగదారుల హక్కుల నియమాలు చెబుతున్నాయి. అడిగితేనే ఇచ్చే పరిహారానికీ, దానంతటది జమయ్యే పరిహారానికీ చాలా తేడా ఉంది. నాట్ల వేళ అర్జీ పట్టుకుని తిరిగే తీరిక ఏ రైతుకుంటుంది?

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. పాముల భయంతో రాత్రిళ్లు మోటరు వేయడానికి వెళ్లిన కుటుంబాలకు అది ఎంత పెద్ద మార్పో నేను చెప్పనవసరం లేదు. కానీ గంటలు పెరిగినంతగా ఆ గంటల్లో వచ్చే కరెంటు నాణ్యత మీద మన చర్చ పెరగలేదు.

కరెంటుకు ఇబ్బంది వస్తే 1912కు ఫోన్ చేయండి, ఫిర్యాదు నంబరు తప్పక రాసుకోండి. గడువు మొదలైందనడానికి అదే రుజువు. అక్కడ పరిష్కారం కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. చార్జీల ప్రతిపాదనల మీద నియంత్రణ మండలి బహిరంగ విచారణలు జరుపుతుంది, హనుమకొండలోనూ జరిగాయి. అక్కడ చార్జీల గురించే కాదు, ఈ రెండూ కూడా అడగండి: మా ఊరి అంతరాయాలను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కొలిచి ప్రకటిస్తారా, లైను చివర వోల్టేజీ ఎంతుందో చూపిస్తారా? ఊరంతా కలిసి తెలుగులోనే రాసి ఇవ్వవచ్చు.